కక్కు కొట్టని రాయి

పొద్దు బారెడెక్కేసరికి అంకమ్మ గంప నెత్తిన పెట్టుకుని బయల్దేరేది. గంపలో రెండు ఉలులు, ఒక సుత్తె, కూర్చోవడానికి గోనెపట్ట, చిటికెడు దూది. "రోళ్లకు కక్కూ... ఇసుర్రాళ్లకు కక్కు కొడతామమ్మా కక్కూ" అని ఆమె కేక వేస్తే ఆళ్లగడ్డలో నాలుగు వీధుల అవతల పడుకున్న కుక్క కూడా లేచి కూర్చునేది. అరిగి నున్నబడిన రాయికి ఉలితో సన్నసన్న గాట్లు పెట్టడం ఆమె పని. కక్కు కొట్టిన రాయి జొన్నలను మెత్తగా పిండి చేస్తుంది. కొట్టని రాయి నూకలు నూకలుగా నమిలి ఉమ్మేస్తుంది.

అయితే ఆళ్లగడ్డ ఆడవాళ్లు కక్కు కొట్టించేది పిండి కోసమొక్కటే కాదు. విసుర్రాయి తిప్పేటప్పుడు మనిషి నోటితో అనలేని మాట ఏదుంటే అది రాయికి ఎక్కుతుంది. గింజలు పడుతున్నంతసేపూ రాయి నోరు విప్పదు. ఖాళీ రాయిని ఒక్క చుట్టు తిప్పితే మాత్రం లోపలున్నదంతా, అప్పుడు గింజలు విసిరినవాళ్ల గొంతుతోనే బయటపడుతుంది. అందుకే ఖాళీ రాయిని తిప్పిన పిల్లలకు వీపు మీద నాలుగు పడతాయి. కోడలు కాపురానికి వచ్చే ముందు, ఆడబిడ్డ పండక్కి వచ్చే ముందు, రాయిని అరువిచ్చే ముందు అంకమ్మకు కబురు వస్తుంది. కక్కు కొడితే పాత మాటలు రాతిపొడిగా రాలిపోతాయి. ఆ పొడిని కొంగున కట్టుకుపోయి వక్కిలేరులో కలిపేవాళ్లు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఎవరికి తెలియదు?

రాయి ఎక్కడ అరిగిందో తెలియాలంటే అంకమ్మ ముందు దాన్ని మూడు చుట్లు ఖాళీగా తిప్పి అరచేతితో అదురు చూడాలి. అందుకని చెవుల్లో దూది పెట్టుకునేది. ఇరవై ఏళ్లలో ఒక్క ఇంటి గుట్టు కూడా ఆమె చెవిన పడలేదు. పడిందని ఎవరైనా అంటే సుత్తె తీసుకుని వాళ్లింటి ముందు నిలబడే రకం.

ఆ ఊళ్లో కక్కు కొట్టించుకోని రాయి ఒక్కటే ఉండేది. అది సుబ్బలక్ష్మమ్మది.

సుబ్బలక్ష్మమ్మ ఎక్కడో కుందూ ఒడ్డు పల్లె నుంచి ఏళ్ల కిందట ఒంటెద్దు బండి మీద ఆ రాయొక్కటే వేసుకుని వచ్చిన ముసలామె. అరవై దాటింది. ఒంటరిది. పొలం కూలికి పోయేది, నూకలు కాచుకు తాగేది. రాయిని ఎవరికీ అరువిచ్చేది కాదు, ముట్టుకోనిచ్చేది కాదు. అంకమ్మ మొదట్లో రెండు మూడుసార్లు గుమ్మం ముందు నిలబడి, "అవ్వా, ఊరికే కొడతాలే, అద్దం మాదిరి అయిపోయింది నీ రాయి" అంది. ముసలామె చేటతో తలుపు కొట్టి, "నీ చేతులిరిగిపోను, నా రాయి జోలికొస్తే పండ్లు రాలగొడతా" అంది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఈమెకు ఊళ్లో మంచి అన్నవాళ్లు లేరు. నెలకోసారి బొగ్గుతో నడిచే బస్సెక్కి నంద్యాలకు పోయేది. అడుక్కోవడానికి పోతుందని అంకమ్మే నలుగురికీ చెప్పింది. పనిదాని పనిని కాదన్నవాళ్లను పనిది ఎందుకు క్షమిస్తుంది?

అది యుద్ధం నడుస్తున్న కాలం, పైగా వరసగా రెండేళ్లు వానల్లేవు. గింజలు లేని ఇంట్లో రాయికి పనేముంది, రాయికి పని లేకపోతే అంకమ్మకు గంజి ఏది? మొగుడు మూడేళ్ల కిందట కొండ కింద రాళ్లు తీస్తుంటే బండ దొర్లి పడి పోయాడు. మిగిలింది పంతొమ్మిదేళ్ల కొడుకు నరసింహులు. నవ్వు మొహం పిల్లవాడు. తల్లి పక్కన ఉలి పట్టేవాడు. ఈ మధ్య తల్లీకొడుకులు ఒక పూట తింటే ఒక పూట మంచినీళ్లు.

అప్పుడు శేషయ్య మేస్త్రీ వచ్చాడు. దండులో కూలి పటాలానికి మనుషుల్ని రాసుకునే మనిషి. ఖాకీ టోపీ పెట్టుకుని, అంకమ్మ వాళ్లు ఉండే వడ్డెగేరి నడివీధిలో నిలబడి చెప్పాడు.

"తుపాకీ పట్టే పని గాదప్పా. అస్సాం అవతల కొండల్లో రోడ్లేస్తాండారు. రాళ్లు కొట్టే పని. మీకు పుట్టుకతో వచ్చిన పనే గదా. దినానికి సేరున్నర బియ్యం, కంబళి, బూట్లు. ముప్పై మంది కావాల. సోమారం లారీ వస్తాది, నంద్యాల్లో రైలు."

సేరున్నర బియ్యమనేసరికి గేరి అంతా గుటక మింగింది.

"పోతావా రా?" అంది అంకమ్మ.

"పోతా మా" అన్నాడు నరసింహులు నవ్వుతూ. "వచ్చేటప్పుడు కంబళి నీకే తెస్తా."

వేలిముద్ర వేశాడు. ఆ సాయంత్రమే సుబ్బలక్ష్మమ్మ అంకమ్మ గుడిసె ముందుకొచ్చి, నడుం మీద చేతులేసుకుని గేరి గేరంతా వినేట్టు అరిచింది.

"ఏం మే అంకమ్మా, కొడుకును సాగనంపుతాండావంటనే? ఊరికే పంపొద్దు, పాడె గూడా కట్టిచ్చి పంపు. పోయినోడు రాడు. నీకు తల కొరివి పెట్టేదానికి కుక్కను పెంచుకో."

అంకమ్మ ముసలామె మీద దుమ్మెత్తి పోసింది. మాటలతో కాదు, నిజంగానే, రెండు చేతులా తీసి మొహాన కొట్టింది. ఆమె కళ్లు నులుముకుంటూ, ఇంకా అదే మాట అంటూ పోయింది. ప్రయాణం పెట్టుకున్న బిడ్డను అంత మాటందే అని అంకమ్మ కడుపు రగిలిపోయింది. రెండు రోజులు ఆ మంట చల్లారలేదు.

శుక్రవారం సుబ్బలక్ష్మమ్మ నంద్యాల బస్సెక్కడం అంకమ్మ చూసింది. గంప తీసుకుని వెనకవైపు తడిక తోసుకుని ఆమె ఇంట్లోకి పోయింది. ఆ రాయిని కక్కు కొట్టి పారేయాలని పోయింది. అంతకంటే ముందు అందులో ఏముందో వినాలని, విని వీధి వీధికీ చాటాలని పోయింది. ఇరవై ఏళ్లలో మొదటిసారి గంపలో దూది ఉండి కూడా చెవుల్లో పెట్టుకోలేదు. పని నేర్పిన అత్త బతికుంటే ఆ చెవులు పిండి ఉండేది.

రాయి నిజంగానే అద్దంలా ఉంది. అంకమ్మ పిడి పట్టుకుని ఒక చుట్టు తిప్పింది.

మగగొంతు వచ్చింది. అంకమ్మ చెయ్యి ఆగింది. విసుర్రాయిలో మగగొంతు ఏంటి? ఇంట్లో ఆడదిక్కు లేకపోతే తప్ప మగవాడు రాయి దగ్గర కూర్చోడు. మళ్లీ తిప్పింది. లేత గొంతు, మీసాలు అప్పుడే వస్తున్న పిల్లవాడిది.

"అమ్మా, పోతానని నవ్వుకుంటా చెప్తాండా గానీ నాకు బయమైతాందే. ఓడంటే బయం. అన్ని నీళ్లు నేనెప్పుడూ చూడలే. వద్దులేరా అని ఒక్కసారి అను. అంటే చాలు, ఉండిపోతా. అనవే. అనవే అమ్మా."

ఆ గొంతుకు ఎదురుగా ఒక ఆడగొంతు. ఒకే పిడిని ఇద్దరూ పట్టుకుని ఎదురెదురుగా కూర్చుని తిప్పారన్నమాట. "పోతే రెండు పూట్లా తింటాడు. ఈడుంటే నాతోపాటు ఎండిపోతాడు. ఏడ్చినాననుకో, ఆగిపోతాడు. ఏడవకూడదు. పో నాయనా, పో." ఆ గొంతులో ఓర్పు ఉంది, ప్రేమ ఉంది. అది సుబ్బలక్ష్మమ్మ గొంతని అంకమ్మ పోల్చుకోవడానికి నాలుగు చుట్లు పట్టింది.

చుట్టు తిప్పినప్పుడల్లా పిల్లవాడు అనవే అంటున్నాడు. తల్లి ఏడవకూడదు అనుకుంటోంది. పక్కపక్కనే ఉన్న ఆ రెండు మాటలూ ఒకదాన్నొకటి వినలేదు. అంకమ్మకు పిడి వదలడం చేతకాలేదు. సుత్తె గంపలోనే ఉండిపోయింది.

సాయంత్రం బస్సు దిగి వచ్చిన సుబ్బలక్ష్మమ్మ గుమ్మంలో ఆగింది. అంకమ్మను చూసింది, గంప చూసింది. అరవలేదు. గబగబా వచ్చి రాయి మీద చెయ్యి వేసి అంతా తడిమింది.

"కొట్టినావా?"

"లేదవ్వా."

"విన్యావా?"

"విన్యా."

ముసలామె అక్కడే కూలబడింది. మోకాలి కింద తోలు లేచిపోయి నెత్తురు గడ్డ కట్టి ఉంది. అంకమ్మ కుండలో నీళ్లు ముంచి ఆ గాయం కడిగింది.

"సంజీవయ్య వాని పేరు" అంది సుబ్బలక్ష్మమ్మ. "పోయిన యుద్ధంలో. ఇట్లాంటి కరువే. ఇట్లాంటి మేస్త్రీనే. సముద్రం అవతల బస్రా అన్యాడు, ఓడన్యాడు, బియ్యమన్యాడు. దావలో తినేదానికి పేలాల పిండి చేస్తామని రాయి కాడ కూచున్యా. నేనూ తిప్పుతా మా అని వచ్చి ఎదురుగా కూచున్యాడు. నవ్వుకుంటానే తిప్పినాడు. నవ్వుకుంటానే పోయినాడు."

"ఎప్పుడు విన్యావు?"

"తొమ్మిదో దినం. కొర్రలు పొయ్యబోతా ఊరికే ఒక చుట్టు తిప్పినా." ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నంద్యాల టేసన్ కాడికి నడుచుకుంటా పోయినా. తొమ్మిది దినాలకు ముందే పోయిన బండిని ఆపమని అడిగినా. నవ్వినారు. యేడాదికి కాగితమొచ్చింది. యాడ పూడ్చినారో కాగితంలో రాయలే."

పటాలం మనుషుల్ని ఎక్కించే బండి ఏరోజు వస్తుందో కనుక్కుని ఆరోజు పోతుందట. ప్లాట్‌ఫారం మీద నిలబడి తల్లులు కనిపిస్తే చెప్తుందట. పోలీసులు ఈడ్చి పారేస్తారు. ఆ మోకాలి దెబ్బ అదే.

"మరి నాకు ఆ మాట మంచిగా చెప్పకూడదా అవ్వా? పాడె గట్టమని అంటావా నా బిడ్డను?"

"మంచిగా శానామందికి చెప్పినా మే. ఏడ్సుకుంటా చెప్పినా, కాళ్లు పట్టుకుని చెప్పినా. పాపం ముసల్ది అని ఒక ముద్ద పెట్టి పంపినారు. పిల్లోళ్లను గూడా పంపినారు. తిడితేనన్నా కోపమొచ్చి ఆపుతారేమో అని తిడతాండా."

అంకమ్మకు తను ఆమె కళ్లలో కొట్టిన దుమ్ము గుర్తొచ్చి సిగ్గుతో తల ఎత్తలేకపోయింది. "మావోడు గూడా నవ్వుతానే ఉండాడవ్వా" అంది.

"అడగొద్దు. అడిగితే నవ్వుతాడు. రాయి తిప్పించు."

మర్నాడు అంకమ్మ తన ఇంటి రాయికి తానే కొత్తగా కక్కు కొట్టింది. పాతదేదీ మిగలకుండా పొడి అంతా ఊడ్చింది. చేబదులు తెచ్చిన జొన్నలు వేయించి పేలాలు చేసి, "రారా, రెండు చుట్లు తిప్పు, నా చెయ్యి నొప్పి" అని కొడుకును పిలిచింది. ఆడోళ్ల పని నాతో చేయిస్తావా అని ఎగతాళి చేస్తూనే నరసింహులు ఎదురుగా కూర్చుని తల్లితో పాటు పిడి పట్టుకున్నాడు. పిండి రాలినంతసేపూ అస్సాంలో ఏనుగులుంటాయంట మా అని కబుర్లు చెప్పాడు. పిండి అయ్యాక ఏటికి స్నానానికి పోయాడు.

అంకమ్మ రాయిని శుభ్రంగా తుడిచి ఒక చుట్టు తిప్పింది.

"కొండ కింద పని అంటే నాయన మీద పడిన బండే కనపడతాంది. రెండు దినాలు బండ కిందనే ఉండిపోయినాడు నాయన. తల మాత్రం బయట. నన్ను చూసి నవ్వేదానికి చూసినాడు. ఆ కొండల్లో నేను గూడా అట్లనే సస్తా. చెప్తే అమ్మ పిరికోడనుకుంటాది."

ఆ వెంటనే తన గొంతు వినిపించింది. ఆ మాట తాను అనుకున్నట్టు కూడా అంకమ్మకు తెలియదు.

"ఒక నోరు తగ్గుతాది."

రాయి ముందు కూర్చుని అంకమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది.

మేస్త్రీ దగ్గరికి పోయింది. పేరు కొట్టేయమంది. "వేలిముద్ర వేసినాక నీ కొడుకు నీ కొడుకు గాదమ్మా, దొరల మనిషి. దాక్కుంటే పోలీసులొస్తారు. నీకూ సంకెళ్లే" అన్నాడు శేషయ్య. కాలూ చెయ్యీ బాగున్న మనిషిని వదిలే పని లేదన్నాడు. ఆ మాట పట్టుకుని అంకమ్మ ఇంటికి రాకుండా నేరుగా సుబ్బలక్ష్మమ్మ ఇంటికి పోయింది. ఇద్దరూ ఏమనుకున్నారో, ఆదివారం మధ్యాహ్నం కలిసి గుడిసెకు వచ్చారు. తల్లి ఆ ముసలామెను చెయ్యి పట్టి లోపలికి తేవడం చూసి నరసింహులు నోరు తెరిచాడు.

"రాయి చెప్పింది రా" అంది అంకమ్మ.

నరసింహులు నవ్వబోయాడు. మొహం ఒప్పుకోలేదు. ఆళ్లగడ్డలో రాయి చెప్పినదాన్ని కాదన్నవాడు లేడు. కాసేపటికి, "వేలిముద్ర అయిపోయింది గదా మా, ఇప్పుడేం జేస్తాం?" అని చిన్నపిల్లవాడిలా అడిగాడు.

తల్లి సుత్తె తీసింది. చూడగానే వాడికి అర్థమైంది. రాళ్లు కొట్టేవాళ్ల ఇళ్లలో ఎడమచేతి వేళ్లు చితకని మనిషి ఉండడు. ఉలి పట్టేది ఆ చెయ్యే, గురి తప్పిన సుత్తె పడేదీ ఆ చేతి మీదే. ఎవరూ వింతగా చూడరు. ఆ చెయ్యి పోతే ఇక ఉలి పట్టలేడని కూడా ముగ్గురికీ తెలుసు. నరసింహులు విసుర్రాయి మీద ఎడమచెయ్యి పెట్టాడు. ఎవరూ పెట్టమనలేదు.

అంకమ్మ సుత్తె ఎత్తి గురి చూసుకుంది. సుబ్బలక్ష్మమ్మ పిల్లవాడి తలను తన భుజానికి అదుముకుని మొహం మీద కొంగు కప్పింది. "సూడొద్దు నాయనా. ఈడే ఉండాను. ఉండిపోరా, ఉండిపో" అంది. ఆమె ఎవరితో అంటోందో అంకమ్మకు తెలుసు. సుత్తె రెండుసార్లు పడింది. రెండు వేళ్లు.

ఆ అరుపుకు గేరి అంతా పరుగెత్తి వచ్చింది. ఉలి జారిందని చెప్పారు. సుబ్బలక్ష్మమ్మ పసుపు, సున్నం పెట్టి కట్టు కట్టి, వాడి తలను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పొద్దున శేషయ్య కట్టు విప్పించి చూశాడు. "వడ్డోని చేతికి ఇప్పుడే దొరికిందా ముహూర్తం?" అని తల్లి మొహంలోకి చూశాడు. అంకమ్మ కళ్లు దించలేదు. శేషయ్య నరసింహులు పేరు మీద గీత కొట్టాడు.

"ముప్పై మందిని రాసుకున్యా. ముప్పై మందిని చూపాల గదా నేను" అని గొణుక్కుంటూ కాలవ అవతలి పేటవైపు పోయాడు. కొడుకు దక్కిన సంబరంలో అంకమ్మ ఆ మాట వినీ విననట్టు ఊరుకుంది.

లారీ నంద్యాల దావ పట్టాక తెలిసింది. నరసింహులు బదులు కాలవ అవతల సువార్తమ్మ కొడుకు యోబు ఎక్కాడట. వాడికి పదిహేడు. సువార్తమ్మ పొలాల్లో కలుపు తీసే మనిషి, ఒక్కడే కొడుకు. రెండు రోజుల నుంచి పొయ్యి వెలిగించలేదట. మేస్త్రీ సేరు బియ్యం గుమ్మంలో పోస్తే పిల్లవాడు నవ్వుకుంటూ లారీ ఎక్కాడట.

'నవ్వుకుంటూ' అన్న ఆ మాట విన్న ఇద్దరు ఆడవాళ్లూ లేచి నడిచారు. ఒకరినొకరు రమ్మనలేదు.

సువార్తమ్మ గుడిసె ముందు కూర్చుని ఉంది. ఒళ్లో చేటనిండా బియ్యం ఉన్నాయి. ఏరడం లేదు, ఊరికే చెయ్యి పెట్టి కదుపుతోంది.

"ఒక్కసారి రాయి తిప్పించి చూసింటే బాగుండేదమ్మా" అంది అంకమ్మ. ఇంకేం అనాలో తెలియక అంది.

సువార్తమ్మ తలెత్తింది. "మా ఇంట్లో ఇసుర్రాయి యాడిది తల్లీ? మా చేతుల్తో తిప్పితే మైలని మీరెవురూ మీ రాళ్లు ముట్టనీరు. మావోని కడుపులో ఏముందో ఏ రాయి చెప్తాది?"

సువార్తమ్మ మళ్లీ చేటలోకి చెయ్యి పెట్టింది.

"మీవోని బదులు మావోడు. అంతే గదా?"

ఆ గొంతులో కోపం లేదు. అంకమ్మ "ఊ" అంది. ఆ ప్రశ్నకు అబద్ధం చెప్పడం చేతకాలేదు. సువార్తమ్మ చేట తీసుకుని లోపలికి పోయి తలుపు వేసుకుంది.

అంకమ్మ వెనక్కి తిరగబోయింది. సుబ్బలక్ష్మమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది.

"కూచో మే."

"ఏం మొహం పెట్టుకుని కూచోవాలవ్వా?"

"ఇదే మొహం. ఆమె తిట్టాల. తిట్టిందాకా కూచుందాం. తిట్టేదానికి మనిషి లేకపోతే అదంతా లోపలికి పోతాది. నాకు పోయింది."

ఇద్దరూ ఎండలో, ఆ మట్టి వాకిట్లో పక్కపక్కన కూర్చున్నారు. దావన పోయేవాళ్లు ఆగి చూసి పోయారు. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. సువార్తమ్మ గుమ్మంలో నిలబడి తిట్టడం మొదలుపెట్టింది. ముందు అంకమ్మను తిట్టింది, ఆమె కొడుకు చేతిని తిట్టింది, ఆమె వంశాన్ని తిట్టింది. అంకమ్మ ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. తర్వాత మేస్త్రీని, లారీని, వానను, యుద్ధం చేసే దొరలను తిట్టింది. గొంతు బొంగురుపోయింది. బియ్యం చూసి వద్దనలేకపోయిన తన నోటిని ఎప్పుడైతే తిట్టుకోవడం మొదలుపెట్టిందో, అప్పుడు ఇద్దరూ లేచి ఆమె దగ్గరికి పోయారు.